జి.ఐ. జో ట్యాంకుని నిజంగా కడితే నడుస్తుందా?

1982లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ మూడు ముప్పావు అంగుళాల సైనికుడి బొమ్మల్ని జి.ఐ. జో పేరుతో వదిలింది, వాటితో పాటు జీపులు, ట్యాంకులు, విమానాలు, చివరికి ఓడ కూడా. మన దగ్గర 90ల్లో ఫన్‌స్కూల్ వాళ్ళు ఈ బొమ్మలు అమ్మారు కాబట్టి ఆ టైంలో పెరిగిన చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందులో కోబ్రా అని విలన్ల గ్యాంగు, వాళ్ళ నల్ల ట్యాంకు పేరు హిస్, అంటే హై స్పీడ్ సెంట్రీ, 1983లో వచ్చింది. ముందంతా అద్దాల కాక్‌పిట్, అందులో డ్రైవరు, వెనకాల పైన జంట ఫిరంగి, దాని దగ్గర ఇంకో మనిషి. నాకు ఇప్పటికీ ఆ డిజైన్ అంటే చాలా ఇష్టం, అందుకే దీన్ని నిజంగా కడితే ఏమవుతుందో లెక్కలేసి చూడాలనిపించింది.

ముందు స్కేలు సంగతి. మూడు ముప్పావు అంగుళాల మనిషిని 18 రెట్లు పెంచితే 67 అంగుళాల పైన, అంటే అయిదడుగుల ఏడంగుళాల మనిషి అవుతాడు, సో ఈ బొమ్మలన్నీ 1:18 అనుకోవచ్చు. పొడవు 18 రెట్లు పెరిగితే బరువు 18 రెట్లు పెరగదు, 18ని మూడుసార్లు గుణించాలి, 5832 రెట్లు. ఒక బొమ్మ ట్యాంకు అర కిలో ఉందనుకోండి, గోడ మందం 2 మిల్లీమీటర్లు అనుకోండి. అదే ప్లాస్టిక్‌తో పెద్దది చేస్తే 2.9 టన్నులు, గోడ 36 మిల్లీమీటర్లు. కానీ ప్లాస్టిక్ గోడ దేన్నీ ఆపదు కదా, దాని బదులు ఉక్కు పెడితే ఉక్కు ప్లాస్టిక్ కన్నా ఏడున్నర రెట్లు బరువు, దాదాపు 22 టన్నులకి వస్తుంది. ఇదేమీ అసాధ్యమైన బరువు కాదు, ఇక్కడే నాకు ఆసక్తి పెరిగింది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ తయారయ్యే బీఎంపీ-2 సారథ్ అనే సైనికుల్ని మోసుకెళ్ళే బండి బరువు 14 టన్నుల చిల్లర, మన సైన్యం వాడే టీ-72 ట్యాంకు 41 టన్నుల పైన. మన హిస్ ఆ రెండిటి మధ్యలో కూర్చుంటుంది. 36 మిల్లీమీటర్ల ఉక్కు తుపాకీ గుళ్ళని సులువుగా ఆపుతుంది, ట్యాంకు గుండుని మాత్రం ఆపలేదు. అంటే లైట్ ట్యాంకు, ముందు వెళ్ళి చూసొచ్చే రకం.

మరి హై స్పీడ్ అన్నారు కదా, ట్రాకుల మీద ఎంత స్పీడు సాధ్యం? అమెరికా ఏబ్రమ్స్ రోడ్డు మీద గంటకి 67 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. బ్రిటన్ స్కార్పియన్ రకం లైట్ ట్యాంకు ఒకటి 2002లో 82 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టింది. అది అల్యూమినియం కవచంతో తేలిగ్గా కట్టిన బండి. కాబట్టి తేలిగ్గా కడితే పేరులో ఉన్న స్పీడు అబద్ధం కాదు.

ఇబ్బందంతా ఆ అద్దంతో. నిజం ట్యాంకులో అన్నిటికన్నా మందమైన కవచం ముందు వైపు ఉంటుంది, ఎందుకంటే శత్రువు వైపు తిరిగి ఉండేది ఆ వైపే, దెబ్బలు ఎక్కువ తగిలేది అక్కడే. హిస్‌లో సరిగ్గా అక్కడే అద్దం పెట్టారు. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం ఉంటుంది కదా అంటారేమో, ఉంటుంది, కానీ రైఫిల్ గుండు ఆగాలంటేనే పొరలు పొరలుగా కొన్ని సెంటీమీటర్ల మందం కావాలి, ఆపైన ఒక దెబ్బ తగిలితే పగుళ్ళతో బయటేమీ కనపడదు. అందుకే ట్యాంకు డ్రైవరు చిన్న పెరిస్కోపుల్లోంచి చూస్తూ నడుపుతాడు, ఏబ్రమ్స్‌లో అయితే దాదాపు వెనక్కి వాలి పడుకున్నట్టు కూర్చుంటాడు, బండి ఎత్తు తగ్గితే దూరం నుంచి కనపడటం కూడా తగ్గుతుంది కాబట్టి. బొమ్మ చేసేవాడి అవసరం దీనికి పూర్తిగా రివర్స్. పిల్లాడు లోపల బొమ్మని కూర్చోపెట్టాలి, కూర్చోపెట్టాక అది బయటికి కనపడాలి. జి.ఐ. జో బండ్లలో నాకు కనపడిన తప్పుల్లో చాలావరకు ఈ ఒక్క కారణం నుంచే పుట్టాయి, డిజైనర్‌కి తెలియక కాదు.

అయితే ఇక్కడొక విశేషం ఉంది. 2019లో ఇజ్రాయెల్ రక్షణ శాఖ కార్మెల్ అనే ప్రోగ్రాం కింద కొన్ని బండ్లు చూపించింది. ఇద్దరే మనుషులు, మూతలన్నీ వేసేసి నడపాలి, చుట్టూ కెమెరాలు. ఐఏఐ కంపెనీ మోడల్లో ఇద్దరి ముందూ వెడల్పాటి స్క్రీన్ ఉంటుంది, కంట్రోల్‌కి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వాడారు. కవచం వెనక కూర్చుని అద్దం లోంచి చూసినట్టే బయటంతా చూడొచ్చు. హిస్‌లో కూడా ఇద్దరే కదా, ఆ కాక్‌పిట్ తీసేసి ఉక్కు మూసి లోపల స్క్రీన్ పెడితే ఆ డిజైన్‌కి నేను మంచి మార్కులే వేస్తాను. పైన ఓపెన్‌గా ఉండే గన్నర్‌ని మాత్రం లోపలికి దించాల్సిందే.

ఫిరంగి వెనక్కి తన్నే బలం గురించి కూడా చెప్పాలి. అమెరికావాళ్ళ షెరిడాన్ అనే లైట్ ట్యాంకు 15 టన్నుల పైన ఉండేది, దానికి 152 మిల్లీమీటర్ల గన్ పెట్టారు, పేలిస్తే ముందు చక్రాలు నేల వదిలి లేచేవి. హిస్ ఫిరంగి గొట్టాల్ని ట్యాంకు గన్లు అనుకుంటే కష్టం, 30 మిల్లీమీటర్ల ఆటోకానన్లు, అంటే వరసగా పేలే చిన్న ఫిరంగులు అనుకుంటే బాగానే సరిపోతుంది.

ఇంకో మాట, బల్ల మీంచి పడినా బొమ్మకి ఏమీ కాదు, కానీ ముప్పావు మీటర్ బల్లని 18 రెట్లు చేస్తే పదమూడున్నర మీటర్లు, అంటే నాలుగంతస్తుల ఎత్తు. బొమ్మ నేలని తాకేటప్పుడు స్పీడు గంటకి 14 కిలోమీటర్లు ఉంటే పెద్దదాని స్పీడు 58 దాటుతుంది, ప్రతి కిలో బరువుకీ 18 రెట్లు శక్తి భరించాలి, పదార్థం బలం మాత్రం అంతే ఉంటుంది. పడటానికి పట్టే టైం కూడా నాలుగు రెట్ల పైన ఎక్కువ. సినిమాల్లో మినియేచర్ బండి లోయలో పడే షాట్‌ని ఎక్కువ ఫ్రేముల స్పీడులో తీసి నెమ్మదిగా చూపించేది ఇందుకే.

ఇక ఓడ. 1985లో వచ్చిన యూఎస్ఎస్ ఫ్లాగ్ విమానవాహక నౌక ఏడున్నర అడుగుల పొడవు బొమ్మ, అంత పెద్ద బొమ్మ ఇల్లంతా ఆక్రమిస్తుంది కానీ లెక్కలో చూస్తే చాలా చిన్నది. 18 రెట్లు చేస్తే 135 అడుగులు, 41 మీటర్లు. మన విక్రాంత్ 262 మీటర్లు, అమెరికా నిమిట్జ్ 333 మీటర్లు. నిజంగా 1:18లో నిమిట్జ్ చేయాలంటే బొమ్మే 60 అడుగులు కావాలి. ఫ్లాగ్ మీద దింపడానికి ఉద్దేశించిన స్కైస్ట్రైకర్ విమానం ఎఫ్-14కి నకలు, అసలు ఎఫ్-14 పొడవు 19 మీటర్లు, అంటే రెండు విమానాలు వరసగా పెడితే డెక్ నిండిపోతుంది.

మరి అక్కడి నుంచి ఎగరాలంటే? నిమిట్జ్ మీద ఆవిరి కాటపల్ట్ 300 అడుగుల పైన పొడవులో విమానాన్ని సుమారు గంటకి 265 కిలోమీటర్లకి తోస్తుంది, అందులో పైలట్ మీద దాదాపు 3 జీ, అంటే తన బరువుకి మూడు రెట్ల బలం పడుతుంది. ఫ్లాగ్ డెక్ మొత్తం వాడుకున్నా అదే స్పీడుకి దాదాపు 7 జీ కావాలి. సీటుకి ఆనుకుని కూర్చున్న మనిషి ఆ ఒక్క సెకను తట్టుకుంటాడు. విమానం ముందు చక్రం కాడే తట్టుకోవాలి, 30 టన్నుల విమానాన్ని ఆ కాడ పట్టుకునే లాగుతారు, దాని మీద 200 టన్నుల పైన బలం పడుతుంది. దిగేటప్పుడు కూడా ఇదే గొడవ, కొక్కేనికి తీగ తగులుకున్నాక ఆగడానికి వంద మీటర్ల దాకా కావాలి, ఇక్కడ ఉన్నదే 41. సముద్రం కొంచెం కదిలినా చిన్న ఓడ ముక్కు మరీ ఎక్కువ లేచి దిగుతుంది, అది వేరే సమస్య. హెలికాప్టర్లకి అయితే ఫ్లాగ్ పనికొస్తుంది.

మొదటి ఏడాదే జంప్ అని జెట్ ప్యాక్ కూడా వచ్చింది. ఇది పూర్తిగా కల్పన అనుకుంటారు గానీ బెల్ కంపెనీ రాకెట్ బెల్ట్ 1961 ఏప్రిల్‌లోనే మనిషిని ఎత్తింది, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ఆరంభంలో ఆ రకం బెల్టుతో మనిషి ఎగరటం ప్రపంచమంతా టీవీలో చూసింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వెండి జల్లెడ తగిలి ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోయి దూసుకొస్తుంది. ఎగరేది మాత్రం 21 సెకన్లు. రెక్క లేకుండా కేవలం తోపుతో గాల్లో నిలబడాలంటే ప్రతి సెకనూ ఇంధనం ఖర్చవాలి, మనిషి వీపు మీద మోయగలిగిన ఇంధనం అంతే మరి. సైన్యం దాన్ని పక్కన పెట్టింది అందుకే.

నాకు బాగా నచ్చిన కేసు కాంక్వెస్ట్ ఎక్స్-30. 1986లో వచ్చిన ఈ కోబ్రా విమానానికి రెక్కలు ముందుకి వాలి ఉంటాయి, చూస్తే ఏదో ఊహించి గీసినట్టుంటుంది, కానీ గ్రమ్మన్ ఎక్స్-29 అదే ఆకారంలో 1984 డిసెంబర్‌లో నిజంగా ఎగిరింది. ముందుకి వాలిన రెక్కతో ఉన్న చిక్కేంటంటే, గాలి ఎత్తే కొద్దీ కొస పైకి మెలితిరుగుతుంది, మెలితిరిగే కొద్దీ గాలి ఇంకా ఎత్తుతుంది, అలా రెక్క విరిగేదాకా పోతుంది. లోహంతో ఆపాలంటే రెక్క మరీ బరువవుతుంది, ఎక్స్-29లో కార్బన్ ఫైబర్ పొరల్ని మెలిక పడని కోణంలో పేర్చి ఆపారు. ఆ విమానం తనంతట తాను స్థిరంగా ఉండదు కూడా, కంప్యూటర్లు సెకనుకి 40 సార్లు సరిచేస్తుంటే తప్ప ఎగరదు. పిల్లాడి చేతిలో నిమిషానికి నాలుగు పల్టీలు కొట్టే ఆ ప్లాస్టిక్ రెక్కకి ఈ బాధలేవీ లేవు, దాని మీద పడే గాలి అసలు లెక్కలోకే రాదు కాబట్టి.

హోవర్‌క్రాఫ్ట్ బొమ్మ వేల్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, 1984లో వచ్చిన ఆ బండిని యథాతథంగా కట్టొచ్చు. బరువంతా పెద్ద గాలి దిండు మీద పరుచుకుంటుంది కాబట్టి నీళ్ళూ బురదా ఇసకా దానికి ఒకటే, అమెరికా వియత్నాంలో వాడింది, మన కోస్ట్ గార్డ్ దగ్గర ఇప్పుడూ హోవర్‌క్రాఫ్ట్‌లు ఉన్నాయి. బొమ్మ మీద కూర్చోపెట్టిన ఫిరంగుల్లో కొన్ని తగ్గించి, లోపల ఇంజన్‌కీ ఇంధనానికీ చోటు పెంచితే చాలు.