లారీలో వచ్చిన గులాబీకి పుణ్యం ఎక్కువా?

ఫిబ్రవరి వచ్చిందంటే లండన్‌లో మా పూల కొట్టుకి ఒకటే ప్రశ్న. "ఇవి విమానంలో వచ్చినవా? అయితే వద్దండీ." మొన్నొక ఆవిడ గృహప్రవేశానికి కెన్యా గులాబీలు చెప్పి, ముందురోజు రాత్రి టెన్షన్‌గా ఫోన్ చేసి వద్దంది. ఇంకో కొట్లో దాదాపు రెట్టింపు పెట్టి హాలండ్ గులాబీలు కొన్నదట. పాపం, ఆవిడ ఉద్దేశం మంచిదే.

అపోహ: విమానం కాలుష్యం ఉండదు కాబట్టి పక్క దేశంలో పూసి లారీలో వచ్చిన పువ్వే మేలు.

వాస్తవం: చలికాలంలో గులాబీ పూయాలంటే ఎండ, వెచ్చదనం కావాలి. కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర అవి ఊరికే దొరుకుతాయి. హాలండ్‌లో గాజు షెడ్లను గ్యాస్‌తో వేడిచేయాలి, లైట్లు వెలిగించాలి. 2007లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ లెక్కగట్టింది: 12,000 గులాబీలకు కెన్యావైతే విమానంతో కలిపి సుమారు 6,000 కిలోల కార్బన్ డయాక్సైడ్, హాలండ్‌వైతే 35,000. ఆ లెక్క చేయించింది పూల దిగుమతి కంపెనీయే, అదీ చెప్పాలి. కానీ తేడా దాదాపు ఆరింతలు.

పైగా ఆఫ్రికా పూలు బోలెడు హాలండ్‌లోని ఆల్స్‌మీర్ పూల వేలానికే వెళ్లి అక్కణ్ణుంచి వస్తాయి. ఆవిడ కొన్నవీ అవేనేమో! అందుకే ఎక్కడ పెరిగిందో అడగండి. మన హైదరాబాద్‌లో "డచ్ గులాబీ" అని అమ్మేవి చాలావరకు బెంగళూరు, హోసూరు పాలీహౌస్‌లవి కావూ?

"కెన్యా పూలు కొంటే కూలీల ఉసురు తగులుతుంది" అనే వాట్సాప్ మెసేజ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జీతాలు తక్కువే, నైవాషా నీళ్లు తోడేస్తున్నదీ నిజమే. అలాగని కొనడం మానేస్తే? 2020 మార్చిలో కోవిడ్‌తో ఆర్డర్లు ఆగిపోతే అక్కడ పూలు కుప్పలుగా చెత్తపాలయ్యాయి. వేలమంది కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లే, పని లేక ఇంటిదారి పట్టారు.

కూలీలకు న్యాయం జరగాలని వేసే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉంటే అన్నీ బాగున్నట్టేనా? కాదు. పూల ధరపై 10 శాతం అదనంగా కూలీల కమిటీకి చేరుతుంది. అంతవరకు మంచిదే.

పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి? అది ప్లాస్టిక్. దాని గురించి ఒక్కరూ ఫోన్ చేయరు.

విమానం పూలు వద్దే వద్దనుకుంటే చలికాలం చివర్లో కార్న్‌వాల్ డాఫోడిల్స్ తీసుకోండి. ఆరుబయటే పూస్తాయి, చవక, పసుప్పచ్చగా ఉగాదికి బంతిపూల లోటు తీరుస్తాయి. ఒక్కటే జాగ్రత్త: వాటి కాడల జిగురుకి మిగతా పూలు వాడిపోతాయి. ఒక రాత్రి విడిగా నీళ్లలో పెట్టి, మళ్లీ కాడ కోయకుండా కలపండి.