పాత జావా, యెజ్డీ ఇంట్లో రిస్టోర్ చేసుకునేవాళ్లు నమ్మే అపోహలు - అసలు వాస్తవాలు

పాత టూ స్ట్రోక్ బండ్లు ఇంటి వెనక షెడ్డులో విప్పి బాగుచేయడం నా పని, ఎక్కువగా జావాలు యెజ్డీలే వస్తుంటాయి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా తయారు చేసిన బండ్లు, మొదట్లో జావా పేరుతో, 1973 నుంచి యెజ్డీ పేరుతో. ఒకే సిలిండర్ కి రెండు సైలెన్సర్లు, ఎడమ పక్క ఉన్న ఒకే రాడ్డు కిక్కూ అదే గేరూ అదే. మన ఊళ్లలో ఇప్పటికీ తాతగారి బండి అని రేకుల షెడ్ల కింద ఎన్నో ఉన్నాయి. ఇన్నేళ్లుగా విప్పి చూస్తుంటే నాకు గట్టిగా అనిపించేది ఒకటే, ఈ బండ్లని వయసు పాడు చేసినదానికన్నా కొలవకుండా మార్చేసిన పార్టులు, అవసరం లేకుండా చేయించిన మెరుపులు పాడు చేసిందే ఎక్కువ. అందుకే ఇదంతా రాస్తున్నా.

అపోహ: ముందు బండి కొనేద్దాం, పేపర్లు తర్వాత చూసుకోవచ్చు

వాస్తవం: ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేయొచ్చు, పేపర్లు లేకపోతే మాత్రం దాదాపు ఏమీ చేయలేం. డబ్బులిచ్చే ముందే ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. నంబరు మీద పెయింటు ఉంటే థిన్నర్ తో తుడవండి, గ్రైండర్ తో కాదు. నంబరు మళ్లీ పంచ్ చేయిస్తాం అన్నా అని ఎవరైనా చెప్తే అక్కడినుంచి వచ్చేయండి, అది నేరం. 1989 కి ముందు రిజిస్టర్ అయిన బండ్ల రికార్డులు చాలావరకు పుస్తకాల్లోనే ఉంటాయి, ఆన్‌లైన్ లో కనపడలేదని దొంగబండి అనుకోవద్దు, ఆర్టీఓ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించమని అడగాలి.

పదిహేనేళ్లు దాటితే స్క్రాప్ కి ఇవ్వాల్సిందే అని ఇంకో మాట తిరుగుతుంటుంది, అది ఢిల్లీ చుట్టుపక్కల రూలు విని మనకీ అంటగట్టడం. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ రూల్స్ కూడా తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అని వేరే నంబరు ఇస్తారు, కొత్తగా అయితే ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ కి 5,000. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ మాత్రమే. మీ పాత ఆర్సీ బతికే ఉంటే మామూలు రెన్యువలే మేలని నా అభిప్రాయం, బండి అంటే రోడ్డు మీద తిరగాలి.

అపోహ: పొగ ఎక్కువ వస్తోందంటే బోరు పోయినట్టే

వాస్తవం: బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గుండ్రటి రంధ్రం. దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే ఈ ఒక్క మాట వల్ల మంచి సిలిండర్లు చాలా పాడైపోయాయి. ఫోర్ స్ట్రోక్ లో పొగ వస్తే రింగులని అనుమానించడం సరే. టూ స్ట్రోక్ లో క్రాంక్ కేసు, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది కూడా పంపులా పనిచేస్తుంది, పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కింద వాక్యూమ్, కిందకి వచ్చినప్పుడు ప్రెషర్. ఆ గది గాలి చొరబడకుండా ఉండటానికి క్రాంక్ కి రెండు వైపులా ఆయిల్ సీళ్లు ఉంటాయి. జావాలో ఎడమ పక్క ప్రైమరీ చైను, క్లచ్చి, గేర్‌బాక్సు అన్నీ ఒకే ఆయిల్ లో ఉంటాయి, ఆ పక్క సీలు గట్టిపడితే ఇంజిన్ ఆ గేర్ ఆయిల్ ని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. దట్టమైన తెల్ల పొగ, ఘాటు వాసన, ఎక్కడా లీకు లేకుండా గేర్ ఆయిల్ లెవెల్ తగ్గిపోవడం, ఈ మూడూ కలిసి ఉంటే బోరుని ముట్టుకోకండి, సీలు మార్చండి.

కుడి పక్క డైనమో వెనక ఉన్న సీలు పోతే పొగ రాదు, ఇంకా ప్రమాదం. అక్కడినుంచి గాలి లోపలికి వస్తుంది, మిక్చర్ లీన్ అవుతుంది అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది, ఐడిల్ నిలబడదు, వేడెక్కాక ఆర్పీఎం దానంతటదే పెరుగుతుంటుంది, పట్టించుకోకుండా హైవే ఎక్కితే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు నిజంగానే బోరు పోతుంది.

ఇంట్లోనే ఎలా చెక్ చేయాలంటే, బీపీ చూసే పాత మిషన్ ఉంటుంది కదా, రబ్బరు బుడ్డి, డయల్ ఉన్నది, అది చాలు. కార్బొరేటర్ తీసి ఆ ద్వారం, ఎగ్జాస్ట్ ద్వారాలు రెండూ రబ్బరు ముక్కతో బిగించి మూసేయండి, పిస్టన్ ని పూర్తిగా కింద ఉంచి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టండి, డయల్ మీద 250 దగ్గర ఆపండి, అంతకన్నా ఎక్కువ కొడితే బాగున్న సీలు కూడా చోటు కదలొచ్చు. ముల్లు కొన్ని నిమిషాలు నిలబడితే సీళ్లు బాగున్నట్టే. పడిపోతుంటే సబ్బునీళ్లు రాస్తే గాస్కెట్లా ఇంకెక్కడైనానా అని బుడగలు చెప్తాయి.

నిజంగా బోరు అరిగిందో లేదో తేల్చాల్సింది బోర్ గేజ్. ఈ ఇంజిన్ బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి, మామూలుగా ఒక మిల్లీమీటరు దాకా, ఆ తర్వాత కొత్త స్లీవే, అంటే సిలిండర్ లోపలి గొట్టమే మార్చాలి. అంటే అనవసరంగా ఒకసారి బోరు చేయించారంటే ఆ సిలిండర్ ఆయుష్షులో ఒక భాగం లేత్ షాపు నేల మీద పొడై పోయినట్టే. ఇంకోటి, పిస్టన్ కొని చేతికి వచ్చాకే బోరింగ్ కి ఇవ్వండి, ఆ పిస్టన్ ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి.

అపోహ: కేసు విడదీయాలంటే సుత్తి దెబ్బ తప్పదు

వాస్తవం: క్రాంక్ కేసు అల్యూమినియం, బేరింగు స్టీలు. వేడి చేస్తే అల్యూమినియం స్టీలుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. కేసుని హాట్ గన్ తో సమంగా వేడి చేసి, నీటి చుక్క వేస్తే చుయ్ మనేదాకా ఆగి, బోర్లా పెట్టి చెక్క మీద మెల్లగా తడితే బేరింగు దానంతటదే జారి పడుతుంది. ఎక్కించేటప్పుడు బేరింగుని రాత్రంతా ఫ్రీజర్ లో పెట్టి, కేసుని వేడి చేసి వదిలితే చేత్తోనే కూర్చుంటుంది. దెబ్బలతో దింపిన బేరింగు సీటు ఒకసారి వదులైతే దాన్ని మళ్లీ సరిచేయడం చాలా కష్టం. మాగ్నెట్, క్లచ్చి హబ్బు లాంటివి పుల్లర్ తోనే తీయాలి, స్క్రూడ్రైవర్ పెట్టి లేపొద్దు. పుల్లర్లు ఏ మంచి లేత్ షాపులోనైనా చేసిస్తారు.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజిన్ కి అంత రక్ష

వాస్తవం: అప్పట్లో ఈ బండ్లకి లీటరుకి 40 మిల్లీలీటర్లు, అంటే 25 కి 1 లెక్క. దాన్ని కొలిచి పోయండి చాలు, బంకులో కంటిచూపుతో కాదు. ఆయిల్ పెంచితే కార్బొరేటర్ లో పెట్రోల్ వదిలే సన్న రంధ్రం, అదే జెట్, దాన్లోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది కాబట్టి మిక్చర్ ఇంకా లీన్ అవుతుంది, రక్ష అనుకుని వేడి పెంచుతున్నట్టు. పైగా ప్లగ్గు తడిసిపోతుంది, ఎగ్జాస్ట్ పోర్టులో బొగ్గు పేరుకుంటుంది, సైలెన్సర్ లోపలి గొట్టాలు మూసుకుపోయి బండి ఎత్తు ఎక్కలేక ఏడుస్తుంది. చాలామంది ఇంజిన్ పవర్ పోయిందని తెచ్చిన బండ్లకి సైలెన్సర్ లోపల బొగ్గు తీస్తే సరిపోతుంది. అది తీయడానికి కాస్టిక్ సోడా వాడేవాళ్లు స్టీలు భాగాలకే వాడండి, అల్యూమినియం ని అది తినేస్తుంది, కళ్లద్దాలూ గ్లౌజులూ లేకుండా దాని దగ్గరికి వెళ్లొద్దు.

అపోహ: సీసం లేని పెట్రోల్ పాత బండికి పడదు

వాస్తవం: 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే, ఇప్పుడు దాని గురించి భయం ఎందుకు. సీసం ఉపయోగపడింది ఫోర్ స్ట్రోక్ వాల్వు సీట్లకి, మన టూ స్ట్రోక్ లో ఆ వాల్వులే లేవు. పట్టించుకోవాల్సింది ఈ20 పెట్రోల్ ని, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినదాన్ని. 2023 లో మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి బంకులో అదే. ఇథనాల్ గాల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది, ఇందులోనే ఆక్సిజన్ ఉండటం వల్ల పాత జెట్‌తో ఇంజిన్ కొంచెం లీన్ గా నడుస్తుంది. నేను చేసేది ఇది: పెట్రోల్ కాక్ సీళ్లు, ఫ్లోట్ బౌల్ ఓ-రింగు, పెట్రోల్ పైపు కొత్త రకం రబ్బరువి వేస్తా, ఓ-రింగు అయితే వైటాన్ అని అడగండి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి నడిపి చూస్తా. వారం పైన బండి ఆపితే కాక్ కట్టేసి ఫ్లోట్ బౌల్ ఖాళీ చేస్తా, నెలల పాటు ఆపేదైతే ట్యాంకు మొత్తం దించేసి లోపల కొంచెం టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ తిప్పుతా. వర్షాకాలంలో ఇది మరీ ముఖ్యం.

అపోహ: ట్యాంకు తుప్పుకి బ్యాటరీ యాసిడ్, బాత్రూమ్ యాసిడే మందు

వాస్తవం: యాసిడ్ తుప్పునీ తింటుంది, మంచి రేకునీ తింటుంది, కడిగి ఆరబెట్టేలోపే మళ్లీ ఎర్రగా తుప్పు లేస్తుంది. నెమ్మదిగా అయినా నిమ్మ ఉప్పు మంచిది, వేడినీళ్లలో కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచి, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె తిప్పాలి. తుప్పు మరీ గట్టిగా ఉంటే బట్టల సోడా నీళ్లు, బ్యాటరీ చార్జరు. ట్యాంకుకి మైనస్, లోపల ట్యాంకుకి తగలకుండా వేలాడదీసిన ఇనుప రాడ్డుకి ప్లస్. స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు వాడొద్దు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఇదంతా ఆరుబయటే చేయాలి. ట్యాంకుకి వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దు, ఖాళీగా కనిపించే ట్యాంకులో ఉండే ఆవిరే పేలుతుంది, ప్రాణాలు పోయే పని.

అపోహ: అన్నీ క్రోమ్ చేయించి, ఫ్రేముకి పౌడర్ కోటింగ్ వేయిస్తేనే రిస్టోరేషన్

వాస్తవం: తుప్పుని ఆపేది క్రోమ్ కాదు, దాని కింద ఉండే నికెల్. క్రోమ్ పొర చాలా పలచన, సన్నటి చీలికలు ఉంటాయి. రాగి, నికెల్ సరిగా వేయకుండా పైపైన క్రోమ్ వేస్తే ఒక్క వానాకాలానికే చుక్కలు చుక్కలుగా లేస్తుంది. పైగా బఫింగ్ లో అంచులు, అక్షరాలు అరిగిపోతాయి. పాత క్రోమ్ మీద కొద్దిపాటి తుప్పే ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్ నీళ్లలో తడిపి రుద్ది చూడండి, సగం పైన వదులుతుంది. స్ప్రింగులు, గట్టి బోల్టులు క్రోమ్ కి అస్సలు ఇవ్వొద్దు, ప్లేటింగ్ లో హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసై విరుగుతాయి.

పౌడర్ కోటింగ్ బాగానే ఉంటుంది కానీ మందంగా పడుతుంది, చాసిస్ నంబరు పూడిపోతే ఆర్టీఓ దగ్గర ఇబ్బంది. నంబరు, మరలు, బేరింగు కప్పులు, ఎర్త్ వైరు బిగించే చోటు మాస్క్ చేయమని దగ్గరుండి చెప్పండి. ఇవ్వకముందే ఫ్రేము శుభ్రం చేసి వెల్డింగ్ అతుకుల దగ్గర చీలికలు వెతకండి, కోటింగ్ పడ్డాక కనపడవు.

అపోహ: 6 ఓల్టుల బండికి లైటు ఎప్పుడూ గుడ్డిదీపమే, 12 కి మార్చాల్సిందే

వాస్తవం: 25 వాట్ల బల్బు 6 ఓల్టుల మీద 4 ఆంపియర్లు పైన లాగుతుంది, 12 మీద అయితే 2 కొంచెం దాటి. తుప్పు పట్టిన కనెక్షన్లలో పావు ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, 6 ఓల్టుల్లో ఒక ఓల్టు అక్కడే పోతుంది, 12 లో అయితే అర ఓల్టు. అందుకే అదే తుప్పు 6 ఓల్టుల బండిని ఎక్కువ ఏడిపిస్తుంది. మందమైన కొత్త వైరింగ్, శుభ్రమైన స్విచ్ కాంటాక్టులు, ఫ్రేముకీ ఇంజిన్ కీ హెడ్‌లైట్ కీ విడివిడిగా ఎర్త్ వైర్లు, ఇవి చేసి డైనమో చార్జింగ్ చూసుకున్నాక కూడా చాలకపోతే అప్పుడు మార్చే సంగతి ఆలోచించండి.

అపోహ: పాత స్టాకు ఒరిజినల్ పార్టు దొరికితే కళ్లు మూసుకుని కొనేయొచ్చు

వాస్తవం: ఇనుప పార్టులకి నిజమే, రబ్బరుకి కాదు. ముప్పై ఏళ్లు డబ్బాలో ఉన్న ఆయిల్ సీలు గట్టిపడి ఉంటుంది, కంపెనీ లేబుల్ చూసి వేస్తే పైన చెప్పిన పొగ మళ్లీ మొదలు. సీళ్లు, బేరింగులు జావా పేరుతో అడగక్కర్లేదు, సీలు లోపలి కొలత, బయటి కొలత, మందం, బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకుని హైదరాబాద్ రాణీగంజ్ కో విజయవాడ ఆటోనగర్ కో వెళ్తే మంచి కంపెనీవి కొత్తవి దొరుకుతాయి, క్రాంక్ బేరింగుకి సీ3 (లోపల కొంచెం ఎక్కువ వదులు ఉండే రకం) అని అడగండి. ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చే పాయింట్లు, కండెన్సర్ విషయంలో ఇప్పుడు వస్తున్న డూప్లికేట్లకన్నా మీ పాతవే మేలు కావొచ్చు, బండి నడుస్తుంటే తీసి పారేయకండి, డబ్బాలో పెట్టుకోండి. విప్పిన ఏ పార్టునీ బండి పూర్తయ్యేదాకా పాత ఇనుముకి వేయొద్దు, కొత్తది సరిపోనప్పుడు కొలతకి అదే దిక్కు.

అపోహ: అంతా ఇంట్లోనే చేసుకోవచ్చు

వాస్తవం: విప్పడం, కొలవడం, వైరింగ్, కార్బొరేటర్, టైమింగ్, బిగించడం ఇంట్లోనే, వెర్నియర్, ఫీలర్ గేజ్, ఇంపాక్ట్ డ్రైవర్, టార్క్ రెంచి ఉంటే చాలు. క్రాంక్ మాత్రం బయటే. ప్రెస్ మీద బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) మార్చాక సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్ తో నిటారు చూడాలి, మిల్లీమీటరులో వందో వంతుల లెక్క అది. డయల్ లేకుండా రాగి సుత్తితో కళ్లతో సరిచేసే చోట ఇవ్వకండి. బ్రేకు డ్రమ్ములు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త, ఆ కాలం బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి, పిల్లలు ఆడుకునే చోట ఈ పని పెట్టుకోవద్దు.