మూడు వేళ్ళు పట్టని నోరు: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకామె ఏడో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకొని అనంతపురంలో మా క్లినిక్‌కు వచ్చింది. పంటి నొప్పి కాదు. "వీడు ఈమధ్య కారం ముట్టడం ల్యా మేడమ్. ఉగ్గాని చేస్తే ముందు మిరపకాయ బజ్జీలు ఖాళీ చేసేటోడు. ఇప్పుడు పెరుగన్నం తప్ప ఏం పెట్టినా మండుతాది అంటాడు. నోరేమన్నా పూసిందేమో చూడండి" అంది.

కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేసి చూశాను. పుండ్లు లేవు. కానీ ఎర్రగా, తడిగా ఉండాల్సిన బుగ్గల లోపలి భాగం పాలిపోయి తెల్లగా ఉంది. వేలుతో తడిమితే చర్మం కింద దారాలు బిగించి కట్టినట్టు తగిలింది. "నీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి, నిలువుగా ముందు పళ్ళ మధ్యన పెట్టు నాయనా" అన్నాను. రెండు వేళ్ళు పట్టాయి. మూడోది ఎంత నెట్టినా లోపలికి పోలేదు. పక్కన నిలబడిన తల్లి, ఏమీ అర్థం కాకపోయినా, తన మూడు వేళ్ళు తన నోట్లో పెట్టి చూసుకుంది. ఆమెకు మూడూ పట్టాయి.

ఆమెను కాసేపు బయట కూర్చోమని చెప్పి పిల్లవాడిని అడిగాను. మొదట తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పాన్ మసాలా పొట్లాలు. రోజుకు మూడు, ఒక్కోసారి నాలుగు. ఐదో తరగతి నుంచి. మొదటిది ఎవరిచ్చారంటే, "తాత బీడీలకు అంగడికి పంపేటోడు మేడమ్. మిగిలిన చిల్లరకు ఏమన్నా కొనుక్కోమనేటోడు" అన్నాడు.

పిల్లల అలవాట్ల గురించి బడి క్యాంపుల్లోనూ క్లినిక్‌లోనూ పెద్దవాళ్ళు నాతో అనే మాటలు కొన్ని ఉన్నాయి. అన్నీ ప్రేమతో అనేవే. వాటిలో చాలావరకు నిజం కాదు. ఒక్కొక్కటీ చెప్తాను.

అపోహ: "పన్నెండేండ్ల పిల్లోనికి ఇవన్నీ ఏం తెలుసు? కాలేజీకి పోయినాక కనిపెట్టుకోవాల."

కాలేజీకి పోయేసరికి ఆలస్యమైపోతుంది. 2019లో మన దేశంలో జరిగిన గ్లోబల్ యూత్ టొబాకో సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళ బడి పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ అంకె కాదు, మొదలుపెట్టిన వయసు. వాడి చూసిన పిల్లల్లో సగం మంది సిగరెట్ 11.5 ఏళ్ళలోపే, బీడీ 10.5 ఏళ్ళలోపే, నమిలే పొగాకు 9.9 ఏళ్ళలోపే మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళ పది, పదకొండు నెలలు అంటే పిల్లవాడు నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో ఉంటాడు. పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని వయసు అది. మనం "జాగ్రత్త నాయనా" అని చెప్పడం మొదలుపెట్టేది పదో తరగతిలో.

అపోహ: "పొగాకు ల్యా కదా మేడమ్, ఉత్త వక్కే కదా!"

ఇది అందరికంటే ఎక్కువగా తల్లులు అనే మాట. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది. గుట్కా నిషేధానికి ఆధారం అదే. ఆ తర్వాత అంగళ్ళలో సరుకు రెండు పొట్లాలైంది. మసాలా పొట్లం వేరు, జర్దా అనే నమిలే పొగాకు పొట్లం వేరు. పెద్దవాళ్ళు రెండూ కొని కలుపుకుంటారు. పిల్లలు మసాలా పొట్లం ఒక్కటే కొంటారు. తియ్యగా, ఏలకుల వాసనతో ఉంటుంది. పొగాకు లేదు గనుక తప్పు చేస్తున్నామన్న భయం కూడా వాళ్ళకు ఉండదు.

కానీ మనిషికి క్యాన్సర్ తెచ్చే గుణం వక్కకే ఉంది, పొగాకు తోడు అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన సంపుటంలో వక్కను మొదటి వర్గంలో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల వర్గం అది. వక్కలో ఉండే అరెకోలిన్ అనే రసాయనం, రాగి రెండూ కలిసి బుగ్గ లోపల కొల్లాజెన్ పీచును అవసరానికి మించి పేరబెడతాయి. మామూలుగా పాత పీచు కరిగి కొత్తది వస్తుంది. ఇక్కడ పాతది కరగదు, కొత్తది ఆగదు. దాంతో బుగ్గ బిగుసుకుపోతుంది, నోరు తెరుచుకోదు. మా వైద్యంలో దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. దీని తొలి లక్షణం నొప్పి కాదు, కారం తింటే మంట. ఆ తల్లి గమనించింది సరిగ్గా అదే, అందుకు ఆమెను మెచ్చుకోవాలి. మన సీమ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లవాడు ఉన్నట్టుండి కారానికి దూరమయ్యాడంటే దాన్ని గారాబం అనుకోవద్దు. నోట్లోకి చూడండి.

పెళ్ళిలో వక్కాకు వేసుకోవడం, తాంబూలం ఇవ్వడం మన ఆచారం, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆకులో చుట్టి ఎప్పుడో ఒకసారి నమలడం వేరు, ఎండు వక్కపొడిని పూటపూటా బుగ్గన పెట్టుకొని గంటల తరబడి చప్పరించడం వేరు. ఆకూ వక్కా నమిలేవాళ్ళలో ఏళ్ళు గడిచాక కనిపించే బిగుసుకుపోవడం పొట్లాలు తినేవాళ్ళలో చాలా తొందరగా వస్తుంది. పిల్లలకైతే ఆచారం పేరుతో కూడా వక్క ఇవ్వవద్దని నేను గట్టిగా చెప్తాను.

బిగుసుకుపోయిన బుగ్గ పూర్తిగా మునుపటిలా అవుతుందా? కాదు. మానేస్తే మంట తగ్గుతుంది, చాలావరకు ముదరకుండా ఆగుతుంది, వ్యాయామంతో కొంత తెరుచుకుంటుంది. మానకపోతే కొందరిలో అదే క్యాన్సర్ అవుతుంది. బాగా ముదిరినవాళ్ళను కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల లాంటి చోటికి పంపాల్సి వస్తుంది.

అపోహ: "అంతా చెడు సావాసం మేడమ్. మా ఇంట్లో ఎవరికీ ల్యా."

సావాసం సంగతి నిజమే, కానీ నేను అడిగి తెలుసుకున్నంతలో మొదటి పొట్లం పిల్లవాడి చేతికి వచ్చిన దారి ఎక్కువసార్లు ఇంటి గడప దాటదు. తాతకు బీడీలు తెచ్చిపెట్టే పిల్లవాడు, మామకు జర్దా తెచ్చిపెట్టే పిల్లవాడు. అంగడాయన కూడా "మీ తాతకేనా?" అని అడిగి ఇచ్చేస్తాడు. అది నేరమని ఇద్దరికీ తెలియదు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు అమ్మకమే ఉండకూడదు. ఈ చట్టం కింద జరిమానా 200 రూపాయల వరకే. కానీ 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ గట్టిది. పిల్లలకు మద్యం గానీ పొగాకు గానీ ఇచ్చినవాళ్ళకు, ఇప్పించినవాళ్ళకు ఏడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తాతలను జైలుకు పంపమని కాదు ఈ మాట చెప్తున్నది. బీడీ కట్ట తెచ్చుకోవడానికి తాత తానే నడిచి పోవాలి, అంతే.

దీనికి తోడు పంటి నొప్పి వైద్యం ఒకటి ఉంది. పిల్లకు పన్ను పుచ్చి రాత్రంతా ఏడిస్తే అవ్వ కొంగున ఉన్న నశ్యం చిటికెడు తీసి ఆ గుంతలో కూరుతుంది. కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తగ్గినట్టు ఉంటుంది. పుప్పి మాత్రం తగ్గదు, లోపలికి పోతూనే ఉంటుంది. పిల్ల నోటికి నికోటిన్ పరిచయమైంది అలా. పళ్ళపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా నశ్యంతో పళ్ళు తోముకునే ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. అవ్వ తోముకుంటుంటే మనవరాలు చెయ్యి చాపుతుంది. ఆడపిల్లలకు ఈ అలవాట్లు రావు అనుకునేవాళ్ళకు నా జవాబు కూడా ఇదే.

అపోహ: "ఆ డ్రింకు తాగితే బలం. రాత్రి చదువుకోవచ్చు."

బలం కాదు, కెఫీన్. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. "పిల్లలకు తగదు" అని సీసా మీదే రాసి ఉంటుంది, కాకపోతే చాలా చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. ఈసారి కొన్నప్పుడు కళ్ళజోడు పెట్టుకొని చదవండి. 11, 12 ఏళ్ళ పిల్లకు రోజుకు కనీసం 9 గంటల నిద్ర కావాలి. పరీక్షల ముందు రాత్రి ఈ సీసా తాగిన పిల్ల మేలుకొని ఉంటుంది గానీ చదివింది బుర్రకెక్కదు. ఇక పళ్ళ సంగతి. ఈ డ్రింకుల్లో పులుపు చాలా ఉంటుంది. కొత్తగా వచ్చిన పళ్ళ మీది ఎనామిల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, ఆ పులుపుకు కరిగిపోతుంది. తాగిన వెంటనే బ్రష్ చేస్తే ఇంకా అరుగుతుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి.

అపోహ: "ఊర్లోనే కదా నడిపేది, రోడ్డెక్కడం ల్యా కదా."

తోటకు అన్నం క్యారియర్ ఇచ్చి రమ్మని ఎనిమిదో తరగతి పిల్లవాడికి బండి తాళాలు ఇస్తారు. వెనుక ఇంకో ఇద్దరు ఎక్కుతారు. కంకర తేలిన మలుపులో జారితే మొదట నేలకు తగిలేది ముఖం. ముందు పళ్ళు విరిగి, పెదవి చీలి వచ్చిన పిల్లలకు కుట్లు వేస్తుంటే నాకు బాధకంటే కోపమే ఎక్కువ వస్తుంది, పిల్లల మీద కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రినో బండి యజమానినో బాధ్యుణ్ణి చేసింది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఎవరికైనా పనికొస్తుందని ఒకటి చెప్పి పోతాను. శాశ్వత పన్ను వేరుతో సహా ఊడి పడితే పారేయవద్దు. తెల్లగా కనిపించే భాగాన్ని పట్టుకొని తియ్యండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దవద్దు. మన్ను అంటితే నీళ్ళ కింద ఒక్క క్షణం పట్టి, గ్లాసు చల్లని పాలలో వేసుకొని అరగంటలో దంతవైద్యుల దగ్గరికి చేరండి. తిరిగి అదే గుంతలో పెట్టగలం. గంట దాటితే ఆశ తగ్గిపోతుంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

అపోహ: "పండ్లు తోమడు, అందుకే గార."

మన జిల్లాలో చాలామంది పిల్లల ముందు పళ్ళ మీద కనిపించే గోధుమ రంగు మచ్చలు మురికి కాదు, ఫ్లోరోసిస్. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్ళలోపే ఆ మచ్చ పడిపోతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. అది తెలియక పిల్లలు బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వేసి రుద్దుతారు. ఒక అమ్మాయి బ్లేడుతో గీకింది.

దీన్ని ప్రమాదకరమైన అలవాట్ల వ్యాసంలో ఎందుకు కలిపానంటే, ఎగతాళి కూడా ప్రమాదమే. "గారపండ్లోడా" అని పిలిపించుకునే పిల్లవాడు ఫోటోలో నవ్వడు, క్లాసులో లేచి జవాబు చెప్పడు. మధ్యాహ్నం అన్నం గోడవైపు తిరిగి తింటాడు. వాడితో స్నేహంగా మాట్లాడే మొదటి గుంపు పొట్లాలు పంచుకునే గుంపైతే వాడు అందులోనే చేరుతాడు. బడిలో సార్లు, మేడమ్‌లు ఆ పిలుపును నవ్వి వదిలేయకుండా అక్కడికక్కడే ఆపాలని చేతులు జోడించి అడుగుతున్నాను. మచ్చలకు వైద్యం ఉంది, ఖర్చు కూడా మరీ పెద్దది కాదు.

అపోహ: "నాలుగు తగిలిస్తే మానుతాడు."

దాచిపెట్టడం నేర్చుకుంటాడు. నికోటిన్ పట్టుకున్న పిల్లవాడు ఇష్టంతో తినడు, తినకపోతే తలనొప్పి, చికాకు, చదువు మీద మనసు నిలవకపోవడం వస్తాయి గనుక తింటాడు. నేను మొదటే "నువ్వు తింటావా?" అని అడగను. "మీ క్లాసులో ఎవరన్నా తింటారా?" అని మొదలుపెడతాను. తర్వాత "నీకెవరన్నా ఇచ్చారా ఎప్పుడైనా?" అంటాను. పక్కన అమ్మానాన్నలు ఉంటే ఈ ప్రశ్నలు అడిగీ లాభం లేదు. యాభై ఏళ్ళకు క్యాన్సర్ వస్తుందని చెప్తే పన్నెండేళ్ళ పిల్లకు పట్టదు. కబడ్డీలో కూత సగంలో తెగిపోతుందని, నోరు వాసన వస్తుందని, ఇష్టమైన బజ్జీ తినలేవని చెప్తే వింటారు. పొగాకు మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్ల మనసు బాగాలేదనిపిస్తే 14416.

ఆ ఏడో తరగతి పిల్లవాడికి నేను రాసిచ్చిన వైద్యంలో ఐస్‌క్రీం పుల్లలు కూడా ఉన్నాయి. శుభ్రమైన పుల్లలు కట్టగా పేర్చి పళ్ళ మధ్య పట్టించి, రోజుకు మూడుసార్లు కాసేపు ఉంచుకోవాలి. సులువుగా పడుతున్నాయనిపిస్తే ఇంకొకటి చేర్చాలి. మొదటి రోజు 15 పట్టాయి. తల్లి వాటిని ఉడికించి, ఆరబెట్టి, స్టీలు గ్లాసులో పెడుతోంది. తాత బీడీలకు తానే పోతున్నాడట. పిల్లవాడు మొన్న వచ్చినప్పుడు కట్ట నా చేతికిచ్చి లెక్కపెట్టమన్నాడు. 18 ఉన్నాయి. మూడో వేలు ఇంకా పట్టలేదు.