ప్రచారం ఆగితే ఎన్నిక ఆగదు: అమెరికా పోలింగ్ బూత్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను వర్జీనియాలో ఉంటాను. 2008 నుంచి మా ఏరియాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలింగ్ బూత్‌లో పనిచేస్తున్నాను. ఓటర్ల జాబితా ముందేసుకుని, వచ్చినవాళ్ళ పేరూ అడ్రసూ అడిగి, పైకి చదివి, టిక్కు పెట్టి లోపలికి పంపే టేబుల్ నాది. నాలుగేళ్ళకోసారి మనవాళ్ళ దగ్గర్నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఈసారి ఎన్నికలు వాయిదా అంట కదా?" 2020లో కోవిడ్ వల్ల అడిగారు. 2024 జులైలో బైడెన్ పోటీ నుంచి తప్పుకోగానే మళ్ళీ అడిగారు. నేను మొదటిసారి ఈ మాట విన్నది మాత్రం 2008 సెప్టెంబర్‌లో, ఒబామా మీద పోటీచేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ ప్రచారం ఆపినప్పుడు. దాన్ని నమ్మి ఒకాయన ఓటు పోగొట్టుకోవడం కళ్ళారా చూశాను. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: అభ్యర్థి ప్రచారం ఆపేశాడంటే ఎన్నిక కూడా వాయిదా పడుతుంది.

ఆ రోజుల్లో భయం మామూలుగా లేదు. సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. మర్నాడు ఏఐజీ అనే బీమా కంపెనీని నిలబెట్టడానికి ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 85 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించింది. ఆ వారం తిరగకుండానే ట్రెజరీ సెక్రటరీ (ఆర్థిక మంత్రి) హెన్రీ పాల్సన్ బ్యాంకుల్ని నిలబెట్టే ప్యాకేజీకి 700 బిలియన్ డాలర్లు కావాలంటూ మూడు పేజీల కాగితం కాంగ్రెస్‌కి పంపారు. ఇంటి లోన్, 401కె (రిటైర్మెంట్ పొదుపు), వీసా, ఏ ఇంట్లో చూసినా ఇదే టెన్షన్. 24వ తేదీ బుధవారం మధ్యాహ్నం మెకెయిన్ టీవీ ముందుకొచ్చి, తాను ప్రచారం నిలిపి (ఆయన మాటల్లో 'సస్పెండ్' చేసి) వాషింగ్టన్ వెళ్తున్నాననీ, శుక్రవారం ఒబామాతో జరగాల్సిన డిబేట్‌ని వాయిదా వేయమనీ అన్నారు.

ఆయన వాయిదా అడిగింది ఆ ఒక్క డిబేట్‌నే. మన ఫోన్లలో సాయంత్రానికల్లా అది "ఎన్నికలు వాయిదా" అయి కూర్చుంది. ఎవరు మొదలుపెడతారో తెలియదు గానీ, ఇలాంటి మాట ఇంకొకరికి చేరవేసే ముందు ఒక్క నిమిషం ఆగలేరా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

వాస్తవం: నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం అధ్యక్ష ఎన్నిక జరగాలన్నది 1845లో కాంగ్రెస్ చేసిన చట్టం. ఆ తేదీ మారాలంటే కాంగ్రెస్ మళ్ళీ చట్టం చేయాలి. అభ్యర్థి వల్ల కాదు, పదవిలో ఉన్న అధ్యక్షుడి వల్లా కాదు. అంతర్యుద్ధం మధ్యలో 1864లో ఎన్నిక జరిగింది. మహా మాంద్యంలో బ్యాంకులు వరసగా మూతపడుతున్నప్పుడు, 1932లో కూడా జరిగింది. పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలు నడిపే ప్రైమరీల సంగతి వేరు, 2020లో కొన్ని వాయిదా పడ్డాయి. అసలు ఎన్నిక తేదీ మాత్రం కదల్లేదు. పైగా మెకెయిన్ ప్రకటన చేసే రోజుకే కొన్ని రాష్ట్రాల్లో ముందస్తు ఓట్లు పడుతున్నాయి.

మన పెద్దవాళ్ళని మాత్రం నేను తప్పుపట్టను. ఎమర్జెన్సీలో లోక్‌సభ గడువు పొడిగించడం చూసిన తరం వాళ్ళది. 1991 మేలో రాజీవ్ గాంధీ హత్య తర్వాత మిగిలిన విడతల పోలింగ్ జూన్‌కి జరపడం చూశారు. దేశం కష్టంలో ఉంటే ఎన్నిక వెనక్కి వెళ్తుందనుకోవడం వాళ్ళకి అనుభవంలో ఉన్న విషయమే.

మా మాస్టారు కూడా అలాగే అనుకున్నారు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చేశారు. 2008 ఆగస్టులో భార్యాభర్తలిద్దరూ పౌరసత్వ ప్రమాణం చేశారు. వినాయక చవితికి గుడిలో కలిస్తే ఇద్దరికీ ఓటరు నమోదు ఫారాలు ఇచ్చాను. ఆవిడ ఆ రాత్రే నింపి పంపేశారు. మాస్టారి ఫారం ఫ్రిజ్ తలుపుకి మాగ్నెట్ కింద ఉండిపోయింది.

నవంబర్ 4 పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పౌరసత్వ సర్టిఫికెట్. ఆవిడ పేరు వెంటనే దొరికింది. మాస్టారిది లేదు. ఇంటిపేరుతో వెతికాను, అసలు పేరుతో వెతికాను, స్పెల్లింగ్ మార్చి వెతికాను. మా చీఫ్ ఆఫీసర్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫోన్ చేశారు. అక్కడా లేదు. అప్పట్లో వర్జీనియాలో నమోదు గడువు అక్టోబర్ 6.

"ఎన్నికలే వాయిదా పడతాయన్నారు కదమ్మా. కొత్త తేదీ వేశాక పంపుదామనుకున్నాను" అన్నారు. ప్రొవిజనల్ బ్యాలట్ (అర్హత తర్వాత సరిచూసి లెక్కపెట్టే ఓటు) వేయవచ్చు గానీ, నమోదు లేదు కాబట్టి అది లెక్కలోకి రాదని ఆయనకి చెప్పాల్సింది నేనే. సర్టిఫికెట్ మళ్ళీ కవర్లో పెట్టుకుని, భార్య ఓటేసి వచ్చేదాకా గోడ పక్కన నిలబడ్డారు. గుడిలో ఫారం ఇచ్చినప్పుడే గడువు తేదీ దాని మీద పెద్ద అంకెల్లో రాసిచ్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అపోహ: సస్పెండ్ అంటే పోటీ నుంచి తప్పుకున్నట్టే.

ఈ గందరగోళానికి కారణం ఉంది. ప్రైమరీల్లో ఓడి ఇంటికెళ్ళేవాళ్ళు కూడా ఇదే మాట వాడతారు. మెకెయిన్ నిజంగా తాత్కాలికంగానే ఆపారు, అదీ రెండు రోజులు. ఆ రెండు రోజులూ కూడా రాష్ట్రాల్లో ఆయన ప్రచార ఆఫీసులు తెరిచే ఉన్నాయి. మాట ఏదైనా, అంతమాత్రాన బ్యాలట్ మీద పేరు పోదు. రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్ మీద పోటీచేసిన నిక్కీ హేలీ 2024 మార్చిలో ప్రచారం ముగించారు. ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా ప్రైమరీలో ఆమెకి లక్షన్నరకు పైగా ఓట్లు పడ్డాయి. ఇండిపెండెంట్ అభ్యర్థి రాబర్ట్ కెనడీ జూనియర్ అదే ఏడాది ఆగస్టులో ఆపేసినా మిషిగన్, విస్కాన్సిన్ బ్యాలట్ల మీద ఆయన పేరు అలాగే ఉంది. బ్యాలట్‌లో పేరు కనిపించింది కాబట్టి ఆయన ఇంకా పోటీలో ఉన్నాడనీ, ప్రచారం ఆపాడు కాబట్టి పేరు ఉండదనీ అనుకోవద్దు.

అపోహ: ఆ డిబేట్ రద్దయింది.

రద్దు కాలేదు. శుక్రవారం పొద్దున మెకెయిన్ వస్తానన్నారు. సెప్టెంబర్ 26 రాత్రి మిసిసిపీ యూనివర్సిటీలో అనుకున్నట్టే జరిగింది.

అపోహ: మెకెయిన్ వెళ్ళబట్టే ప్యాకేజీ పాసైంది. ఇంకొందరైతే, ఆయన వెళ్ళబట్టే ఆగిందంటారు.

సెప్టెంబర్ 25న వైట్‌హౌస్‌లో అప్పటి అధ్యక్షుడు బుష్ సమావేశం పెట్టారు. మెకెయిన్, ఒబామా ఇద్దరూ వెళ్ళారు, అది గొడవతో ముగిసింది. 29న ప్రతినిధుల సభ బిల్లుని 228-205తో తిప్పికొట్టింది. ఆ రోజే స్టాక్ మార్కెట్ సూచీ డౌ 777 పాయింట్లు పడింది. మార్పులు చేశాక అక్టోబర్ 1న సెనేట్, 3న ప్రతినిధుల సభ ఆమోదించాయి. సెనేట్‌లో ఇద్దరు అభ్యర్థులూ అనుకూలంగానే ఓటేశారు. ఒక్క మనిషి ఖాతాలో వేసే విషయం కాదిది. మెకెయిన్ ఓటమికి కూడా ఆ రెండు రోజులే కారణమనే మాట నేను ఒప్పుకోను. అధికార పార్టీ అభ్యర్థి ఆయన, దేశం మాంద్యంలో ఉంది. ఎలక్టోరల్ ఓట్లలో 365-173 తేడాకి ఇంకా చాలా కారణాలు ఉన్నాయి.

బ్యాంకుల సంగతి నా పని కాదు గానీ, ఆ వారం డబ్బంతా డ్రా చేసి ఇంట్లో పెట్టుకున్నవాళ్ళని చూశాను కాబట్టి ఒక్క మాట. సెప్టెంబర్ 25 రాత్రి మూతపడిన వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు డిపాజిటర్లు ఒక్క డాలర్ కూడా నష్టపోలేదు. అక్టోబర్ 3న సంతకమైన ఆ ప్యాకేజీ చట్టంతోనే డిపాజిట్ బీమా లక్ష డాలర్ల నుంచి రెండున్నర లక్షలకి పెరిగింది.

వర్జీనియాలో 2022 నుంచి గడువు దాటినా, పోలింగ్ రోజున కూడా నమోదు చేసుకుని ప్రొవిజనల్ బ్యాలట్ వేయవచ్చు. టెక్సస్‌లో ఆ సౌకర్యం లేదు, 30 రోజుల ముందే నమోదై ఉండాలి. న్యూజెర్సీలో 21 రోజుల ముందు. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే ఫారం నింపేయండి. ఇంటిపేరు ఏ గడిలో రాశారో గుర్తుపెట్టుకుని, వారం పది రోజుల తర్వాత మీ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లో అదే పేరుతో వెతికి చూసుకోండి. మన పేర్ల దగ్గర మేం ఎక్కువసేపు వెతుక్కునేది అక్కడే.