ఊక, పత్తి కట్టె, కార్బన్: బయోమాస్‌పై అపోహలు - వాస్తవాలు

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్ల పనితీరు పరీక్షించడం నా పని. బయోమాస్ గురించి, అంటే ఊక, పత్తి కట్టెలాంటి ఇంధనం గురించి మిల్లు యజమానులు, రైతులు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతున్నాయి.

అపోహ: ఊక మిల్లులోనే వస్తుంది కదా, ఎట్లా కాలితే ఏంటి?

వాస్తవం: వంద కిలోల వడ్లు ఆడిస్తే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. కిలో ఊకలో దాదాపు 3,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. వాడగా మిగిలింది అమ్ముకోవచ్చు, కాబట్టి వృథా అయ్యేది డబ్బే. బాయిలర్ దగ్గరికి పోగానే మీటర్ల కంటే ముందు బూడిద చూస్తాను. చిటికెడు తీసి నలిపినప్పుడు వేళ్లకు మసిలాగా అంటుకుంటే కార్బన్ పూర్తిగా కాలలేదన్నట్టే. ఇంకో నష్టం కొలిమి తలుపు. ఊక వేసే మనిషి సౌకర్యం కోసం దాన్ని తెరిచే ఉంచుతాడు. పొగలో 6 నుంచి 8 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 14 దాటుతుంది. అంటే లోపలికొచ్చిన చల్లగాలినంతా మన ఊకతో వేడి చేసి చిమ్నీలోంచి బయటికి పంపుతున్నాం. తలుపు మూసి చూడండి, పైసా ఖర్చు లేదు.

అపోహ: పచ్చివైనా ఎండువైనా కట్టెలు కట్టెలే.

వాస్తవం: పది శాతం తేమ ఉన్న పత్తి కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకేలరీలు ఇస్తుంది. తేమ 40 శాతం ఉంటే 2,200 కూడా దాటదు. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే కొంత మంట పోతుంది. లారీ లెక్కన కొనేవాళ్లు నీళ్లకు కూడా కిరాయి కడుతున్నారు. తేమ చూసి ధర కట్టండి.

అపోహ: బయోమాస్ కరెంటు ప్లాంట్ల సామర్థ్యం పాతిక శాతం లోపే, కాబట్టి ఇది పనికిరాని టెక్నాలజీ.

వాస్తవం: కరెంటు ఒక్కటే తీస్తే చిన్న ప్లాంట్లలో అంతే వస్తుంది, మిగతా వేడి కూలింగ్ టవర్‌కు, చిమ్నీకి పోతుంది. కానీ మిల్లుకు కావాల్సింది వేడే. వడ్లు ఉడికించడానికి, ఆరబెట్టడానికి స్టీమ్ వాడుకుంటే మంచి బాయిలర్ 70 నుంచి 80 శాతం వేడిని అందిస్తుంది. ఆ స్టీమ్‌ను ముందు చిన్న టర్బైన్‌లోంచి పంపితే కొంత కరెంటు కూడా వస్తుంది.

అపోహ: బయోమాస్ కాలిస్తే కార్బన్ లెక్క సున్నా.

వాస్తవం: మొన్నటి పంట గాలిలోంచి తీసుకున్నదే తిరిగి గాలిలో కలుస్తుంది, అంతవరకు నిజం. లారీ డీజిల్ లెక్క వేరే ఉంది. ఏళ్ల తరబడి పెరిగిన చెట్టు నరికి కాలిస్తే, అది మళ్లీ పెరిగేదాకా ఆ లెక్క సరిపోదు.

అపోహ: చిమ్నీకి ఒక యంత్రం పెడితే కార్బన్ మొత్తం పట్టుకోవచ్చు.

వాస్తవం: పొగలో కార్బన్ డయాక్సైడ్ పది, పదిహేను శాతమే, ఎక్కువ భాగం నైట్రోజన్. అమైన్ ద్రావణంతో దాన్ని పీల్చి, మళ్లీ విడదీయడానికి ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ స్టీమ్ మన బాయిలర్‌దే. తర్వాత కంప్రెసర్, పైపులైన్, భూమి లోపల దాచే చోటు. 2022లో ఎన్‌టీపీసీ మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ప్లాంటు మొదలుపెట్టింది. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ పూర్తి లోడ్‌తో నడిస్తే ఆ 20 టన్నులు రెండు మూడు నిమిషాల్లోనే బయటికొస్తాయి. ఈ పరిశోధన జరగాల్సిందే, కానీ రైస్ మిల్లు చిమ్నీకి పెట్టిస్తామని ఎవరైనా వస్తే అడ్వాన్స్ ఇవ్వకండి.

మన దగ్గర ఇప్పుడే చేయగలిగింది బయోచార్. పత్తి ఏరాక చేలల్లో కట్టె కుప్పలు తగలబెడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అదే కట్టెను గాలి తగలకుండా డ్రమ్ములో కాలిస్తే, అందులోని కార్బన్‌లో సగం దాకా బొగ్గుగా మిగులుతుంది, నేలలో చాలా ఏళ్లు నిలుస్తుంది. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా శాస్త్రవేత్తలు పత్తి కట్టెతో దీనిపై పని చేశారు.

అపోహ: బయోచార్ అంటే బూడిదే, ఏ నేలకైనా వేయొచ్చు.

వాస్తవం: పూర్తిగా కాలిన బూడిదలో కార్బన్ దాదాపు ఉండదు. బయోచార్‌కు క్షార గుణం ఉంటుంది. తేమ నిలవని చల్క నేలలకు మేలు చేస్తుంది. నల్లరేగడిలో అయితే ముందు మట్టి పరీక్ష చేయించి పీహెచ్ (నేలలో క్షారం ఎంతుందో చెప్పే అంకె) చూడండి, 8 దాటితే వేయకండి. వేసేటప్పుడు కూడా పశువుల ఎరువుతో కలిపి కొన్ని వారాలు మాగనిచ్చి, ముందు ఒక మూల కొద్దిగా వేసి చూడండి.