పక్కనే వెళ్లినా యులిసెస్‌కి దొరకని గురుడి ఎక్స్‌రేలు

1992 ఫిబ్రవరి 8న యులిసెస్ వ్యోమనౌక గురుగ్రహం పక్కనుంచి దూసుకుపోయింది. దాని అసలు పని సూర్యుడి ధ్రువాలను చూడటం, గురుడి దాకా వెళ్లింది ఆ గ్రహం ఆకర్షణతో దారి మళ్లించుకోవడానికే. ఎలాగూ వెళ్తున్నాం కదా అని, అందులో ఉన్న ఎక్స్‌రే డిటెక్టర్‌తో గురుడి మీదా ఓ కన్నేశారు. ఏమీ దొరకలేదు.

విచిత్రమేంటంటే, 1979లోనే భూమి చుట్టూ తిరిగే ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ గురుడి ఎక్స్‌రేలను పట్టేసింది (మన వాతావరణం వాటిని మింగేస్తుంది కాబట్టి ఈ పని నేలమీద నుంచి కుదరదు). 2000 డిసెంబరులో చంద్రా టెలిస్కోపు చూస్తే, ఉత్తర ధ్రువం దగ్గర ఒకచోట ఎక్స్‌రేలు సుమారు 45 నిమిషాలకోసారి ఎగసిపడుతున్నాయి కూడా. కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి కనిపించేది దగ్గరికెళ్తే కనిపించకపోవడమేంటి?

మెలిక ఎక్కడుందంటే, చంద్రా చూసినవి తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలు. గురుడి ఉపగ్రహం అయో మీది అగ్నిపర్వతాలు సెకనుకు దాదాపు టన్ను పదార్థాన్ని అంతరిక్షంలోకి వదులుతుంటాయి, అందులోని ఆక్సిజన్, సల్ఫర్ అయాన్లు (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు) గురుడి అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల మీదికి దూకి, అక్కడి వాతావరణం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునేటప్పుడు ఇవి పుడతాయి. యులిసెస్ వెతికింది వీటిని కాదు. దాని వేట అంతకంటే చాలా ఎక్కువ శక్తి ఉన్నవాటి కోసం, 27 నుంచి 48 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రేల శక్తిని చెప్పే కొలమానం) మధ్య.

ఆ రెండింటికీ మధ్యలో ఉన్నదాన్ని నూస్టార్ అనే ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు చూసింది. 2015–18 మధ్య అది గురుడిని పలుమార్లు గమనిస్తే 8 నుంచి 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రేలు దొరికాయి, ఫలితాలు 2022లో వచ్చాయి. వీటికి కారణం అయాన్లు కాదు, ఎలక్ట్రాన్లు. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ వాతావరణంలోని పరమాణువుల దగ్గర దారి తప్పి, వేగం కోల్పోతుంది. ఆ పోయిన శక్తిలో కొంత ఎక్స్‌రేగా బయటికొస్తుంది. ఆస్పత్రిలో ఎక్స్‌రే మెషీన్ పనిచేసేదీ ఇలాగే.

గురుడి చుట్టూ తిరుగుతున్న జూనో వ్యోమనౌక ఆ ఎలక్ట్రాన్లను అక్కడికక్కడే కొలిచింది. ఆ లెక్కలతో మోడల్ కడితే నూస్టార్ చూసిన వెలుగు సరిపోయింది, పైగా శక్తి పెరిగేకొద్దీ ఆ వెలుగు బాగా పలచబడిపోతుందని తేలింది. అంటే యులిసెస్ డిటెక్టర్‌లో లోపమేం లేదు, అది వెతికిన చోట అందినంత వెలుగు లేదంతే. ముప్పై ఏళ్ల టెన్షన్‌కి ఇంత సింపుల్ జవాబు!

నూస్టార్ చూపు అంత నిశితమైంది కాదు, ధ్రువాల దగ్గర ఈ కిరణాలు కచ్చితంగా ఏ చోట పుడుతున్నాయో అది చెప్పలేదు. ధ్రువాల మీదుగానే తిరిగే జూనోలో చూద్దామంటే, నాకైతే ఇదే బాధ, ఎక్స్‌రే కెమెరానే పెట్టలేదు.