‘వారితోకూడ ఏకముగా’: పరలోకంలో మళ్లీ కలుస్తామన్న నిరీక్షణ వెనుక చరిత్ర

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా కన్నుమూస్తే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగే ప్రార్థనకు ఆదరణ కూడిక అని పేరు. నిద్ర, ఆదరణ అనే ఈ రెండు మాటలూ పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పక్కపక్కనే కనిపిస్తాయి. అయితే ఆ కూడికల్లో వీటితో పాటు వినిపించే మూడో మాట, ‘మన వాళ్లను పరలోకంలో మళ్లీ కలుసుకుంటాం’ అన్నది, లేఖనంలో అంత సూటిగా ఎక్కడా లేదు. అది రెండు వేల ఏళ్లుగా తెగుళ్ల (మహమ్మారుల) మధ్య, యుద్ధాల మధ్య, దైవశాస్త్ర వివాదాల మధ్య రూపం మార్చుకుంటూ వచ్చిన నిరీక్షణ, అంటే నమ్మకంతో కూడిన ఆశ.

పౌలు ఆ పత్రిక రాసింది క్రీ.శ. 50 ప్రాంతంలో. ప్రభువు రాకడ, అంటే యేసు తిరిగి రావడం, త్వరలోనే ఉందని ఎదురుచూస్తున్న థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయారు. రాకడకు ముందే పోయినవారు ఆ సంతోషానికి దూరమవుతారేమోనన్న దిగులు మిగిలినవారిని పట్టుకుంది. దానికి జవాబుగా పౌలు పరలోకం ఎలా ఉంటుందో వర్ణించలేదు, చనిపోయినవారు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా చెప్పలేదు. మృతులు మొదట లేస్తారని, బతికి ఉన్నవారు ‘వారితోకూడ ఏకముగా’ ప్రభువును ఎదుర్కొనడానికి కొనిపోబడతారని, ఆపైన అందరూ ‘సదాకాలము ప్రభువుతోకూడ’ ఉంటారని రాసి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమన్నాడు. ‘వారితోకూడ’, ‘ప్రభువుతోకూడ’ అన్న రెండు మాటలూ ఒకే వచనంలో ఉన్నాయి. తరువాతి శతాబ్దాల చర్చ అంతా ఈ రెంటిలో దేని మీద ఎక్కువ ఆనుకోవాలన్న దాని చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

లేఖనాల్లో మరికొన్ని చోట్ల కూడా రెండు వైపులా లాగే వాక్యాలున్నాయి. పసిబిడ్డ చనిపోయినప్పుడు దావీదు, నేను వాడి దగ్గరికి వెళ్తాను గాని వాడు నా దగ్గరికి తిరిగి రాడని అన్నాడు. బిడ్డల సమాధుల దగ్గర ఈ మాట ఇప్పటికీ చదువుతారు. మరోవైపు, ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని పెళ్లాడిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని, పునరుత్థానాన్ని నమ్మని యూదుల వర్గమైన సద్దూకయ్యులు అడిగినప్పుడు, అక్కడ పెళ్లి చేసుకోవడం గాని, పెళ్లికి ఇవ్వడం గాని ఉండదని యేసు చెప్పాడు. సగం జీవితం కలిసి గడిపిన భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ఈ వాక్యం చదివి వినిపించడం తేలిక కాదు. బంధం తెగిపోతుందని యేసు అనలేదు, వివాహం అనే ఏర్పాటు ఉండదని మాత్రమే అన్నాడని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తూ వచ్చారు.

కుటుంబాన్ని తిరిగి చూస్తామన్న మాట స్పష్టంగా వినిపించిన తొలి చోట్లలో ఒకటి ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్. 250ల ప్రారంభంలో రోమన్ సామ్రాజ్యాన్ని పెద్ద తెగులు ఊడ్చేస్తున్నప్పుడు, ఆ నగర బిషప్పు సిప్రియన్ మరణాన్ని గురించి తన సంఘానికి ఒక ప్రబోధం రాశాడు. పోయినవారు మనకు దూరం కాలేదు, మనకన్నా ముందు వెళ్లారు అన్నాడు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, పిల్లలు అక్కడ పెద్ద గుంపుగా మన కోసం ఎదురుచూస్తున్నారని, తమ క్షేమం ఖాయమైనా మన రక్షణ గురించి ఇంకా ఆతృత పడుతున్నారని చెప్పాడు. ప్రతి ఇంటి నుంచీ శవాలు లేస్తున్న రోజుల్లో అన్న మాట ఇది. సిప్రియన్ కూడా 258లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడు.

అదే ఉత్తర ఆఫ్రికాకు చెందిన దైవశాస్త్రవేత్త అగస్టీన్ దగ్గరికి వచ్చేసరికి మొగ్గు మారుతుంది. 387లో అతని తల్లి మోనికా సొంత ఊరికి తిరిగి వెళ్తూ, దారిలో రోమ్ దగ్గరి ఓస్టియా రేవులో మరణించింది. ఎన్నో ఏళ్లుగా భర్త పక్కనే తనను పాతిపెట్టాలని కోరుకుని, స్థలం కూడా సిద్ధం చేసుకున్న ఆమె, చివరికి ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బల్ల దగ్గర మాత్రం నన్ను తలచుకోండి అని కొడుకులతో చెప్పింది. భర్త పక్కన సమాధి కావాలన్న కోరికను ఆమె దేవుని చేతిలో వదిలేసిన ఆ ఘట్టంలో అగస్టీన్ ఆలోచన అంతా కనిపిస్తుంది. అలాగని అతను పునఃకలయికను కాదనలేదు. ఇటాలికా అనే వితంతువుకు రాసిన ఉత్తరంలో, మనవాళ్లను పోగొట్టుకోలేదు, ముందుగా పంపించాం అని ఓదార్చాడు. కానీ అతని దృష్టిలో పరలోకానందం అంటే మొదట దేవుణ్ని చూడటం. ఒకరినొకరు ప్రేమించడం ఆ చూపులో భాగం.

మధ్యయుగపు పండితులు దీన్ని ఇంకా బిగించారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్, దేవుణ్ని అనుభవించే ఆత్మ ఒక్కటే ఉన్నా దాని ఆనందానికి లోటు ఉండదని, స్నేహితుల సహవాసం ఆ ఆనందానికి శోభనిస్తుందే తప్ప దానికి ఆధారం కాదని తేల్చాడు. పోయినవారు దేవుణ్ని చూసేది ఇప్పుడా, అంత్యదినాననా అన్న వివాదానికి 1336లో పోప్ పన్నెండవ బెనెడిక్ట్ ముగింపు పలికి, శుద్ధి పొందిన ఆత్మలు వెంటనే దేవుని ముఖాన్ని చూస్తాయని ప్రకటించాడు.

ప్రొటెస్టెంట్ సంస్కరణ ఒక కొత్త పరిస్థితి తెచ్చింది. మృతుల కోసం ప్రార్థించడం, పూజలు చేయించడం అనే పాత ఆచారాలు ఆ సంఘాల్లో ఆగిపోయాయి. చనిపోయిన బిడ్డ కోసం తల్లి చేయగలిగింది ఇక ఏమీ లేదు, మళ్లీ చూస్తానని నమ్మడం తప్ప. 1542లో పదమూడేళ్ల కూతురు మగ్దలేనాను పోగొట్టుకున్న, ఆ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్‌కు ఈ బాధ బాగా తెలుసు. 1546 ఫిబ్రవరి 17 సాయంత్రం, జర్మనీలోని ఐస్లెబెన్‌లో భోజనం బల్ల దగ్గర, పరలోకంలో ఒకరినొకరు గుర్తుపడతామా అన్న మాట వచ్చింది. ఆదాము నిద్ర లేచి, అంతకు ముందెన్నడూ చూడని హవ్వను నీవెవరు, ఎక్కడి నుంచి వచ్చావు అని అడగలేదు, నా ఎముకలలో ఎముక అన్నాడు. మనం అంతకన్నా బాగా గుర్తుపడతాం అని లూథర్ జవాబిచ్చాడు. తెల్లవారకముందే ఆయన చనిపోయాడు.

పరలోకాన్ని దాదాపు ఒక ఇంటిలా ఊహించడం ఆ తర్వాతి కథ. 1758లో స్వీడన్ పండితుడు స్వీడెన్‌బోర్గ్ పరలోకంలో ఇళ్లు, వీధులు, దంపతులు ఉంటారని రాశాడు. వందేళ్ల తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో సుమారు 6,20,000 మంది సైనికులు చనిపోయారు. ఎందరి శవాలో ఇళ్లకు చేరలేదు. 1868లో ఎలిజబెత్ స్టూవర్ట్ ఫెల్ప్స్ రాసిన నవలలో, యుద్ధంలో అన్నను పోగొట్టుకున్న యువతికి పరలోకంలో ఇల్లు, పియానో కూడా ఉంటాయన్న ఓదార్పు దొరుకుతుంది. పండితులు మండిపడినా పాఠకులు దాన్ని ఎగబడి చదివారు. ఆ తీరాన మళ్లీ కలుద్దాం అనే ధోరణి పాటలు ఆ దశాబ్దంలోనే పుట్టాయి.

సరిగ్గా ఆ తరం అమెరికన్ బాప్టిస్టు మిషనరీలే నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేశారు. 1878 జూలై 3న, పెద్ద కరవు తర్వాత, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికుల తాతముత్తాతలు సువార్త వినకుండానే పోయినవారు. పునఃకలయిక అనే నిరీక్షణలో అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న ఇక్కడే ఉంది, అది కొత్తదీ కాదు. 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన లేఖలో కాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్, జపాన్‌లో కొత్తగా విశ్వసించినవారు చనిపోయిన తల్లిదండ్రుల కోసం, బిడ్డల కోసం ఏడ్చారని, వారికి విడుదల లేదా అని తనను అడిగారని, లేదని చెప్పాల్సి వచ్చి తాను కూడా బాధపడ్డానని తెలిపాడు. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివారు నిష్కపటంగా దేవుణ్ని వెదికితే రక్షణ పొందగలరని కాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ సభలో చెప్పింది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లల విషయంలో నిరీక్షణకు బలమైన ఆధారం ఉందని 2007లో ఆ సంఘపు దైవశాస్త్ర కమిషన్ రాసింది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీనిపై ఒకే మాట లేదు. నానమ్మ గురించి మనవరాలు ఈ ప్రశ్న అడిగినప్పుడు, ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా’ అన్న అబ్రాహాము మాట చదివి, అంతకు మించి ఏమీ చెప్పకుండా ఆ ఇంట్లో కాసేపు కూర్చునే పాస్టర్లు ఉన్నారు.